మగ్గం మీద రెండు ఆకళ్లు

నా కొడుకు ఉమేష్ ఉగ్గాని పళ్లెం వెనక్కి నెట్టిన పొద్దు నాకింకా కళ్లముందే ఉంది. నానేసిన బొరుగులు, పైన పల్లీల పొడి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. ఇరవై అయిదేళ్లు వచ్చినా ఆ పళ్లెం చూస్తే చిన్నపిల్లవాడిలా ఎగబడే మనిషి, ఆ రోజు రెండు వేళ్లతో దాన్ని నా వైపు జరిపాడు.

"వద్దమ్మా. ఇగ పొద్దుగాల తినను."

"ఎందుకురా? కడుపుల మంచిగ లేదా?"

"మంచిగనే ఉంది. పదకొండుకు తింట. మల్ల ఏడు కొట్టకముందే బువ్వ తిని బంద్ జేస్త. నడుమ నీళ్లు, చక్కెర లేని చాయ్. గంతే."

"ఎన్ని దినాలు?"

"దినాలేంది, ఇగ రోజూ గింతే."

నేను ఏడో తరగతి దాకా చదివాను. పేపరు చదువుతాను, మందుల చీటీ కూడబలుక్కుని చదువుతాను. కానీ ఏ మాట విన్నా నా మనసు ముందు చావు దాకా పోయి అక్కడినుంచి మెల్లగా వెనక్కి వస్తుంది. ఎవరైనా గట్టిగా తలుపు తడితే చావు కబురే అనుకుంటాను. ఆ పొద్దున కూడా అంతే అయింది. ఎందుకంటే నా పెనిమిటి పెంటయ్య చివరి నెలల్లో పళ్లెం ఇట్లాగే రెండు వేళ్లతో నెట్టేవాడు. షుగరు ముందు ఆయన కాలి వేళ్లను తీసుకుంది, తర్వాత చూపును, తర్వాత కిడ్నీలను. నలభై తొమ్మిదేళ్లకే మగ్గం దిగి వెళ్లిపోయాడు. నాలుగేళ్లయింది. ఆయన కూర్చున్న చోటే ఇప్పుడు ఉమేష్ కూర్చుంటాడు. తండ్రి జబ్బు వీడికీ వచ్చిందా, నా దగ్గర దాస్తున్నాడా? ఆ పొద్దు నుంచి నాకు వేరే ఆలోచన లేదు.

మాది గద్వాలలో నేతగాళ్ల వీధి. మాది గుంత మగ్గం, కాళ్లు గుంతలోకి దించి కూర్చుంటాం. మేం నేసే చీరకు నడుమ నూలు, రెండు వైపులా పట్టు అంచు. నూలు పోగు, పట్టు పోగు కలిసే చోట ఒకదాన్నొకటి కొక్కెంలా పట్టుకోవాలి. అందుకు మగ్గం మీద ఇద్దరు కావాలి. పోగును అటూ ఇటూ మోసే నాడెల్లో నడుమ నూలుది, ఎడమ అంచుది ఉమేష్‌వి. కుడి అంచు నాది. ఒకే పలక మీద పక్కపక్కన కూర్చుంటాం. ఒకరు లేస్తే రెండోవారి చేతులు కూడా ఆగిపోతాయి. అందుకే మా ఇళ్లలో మగ్గం మీది ఇద్దరూ ఒక్కసారే దిగుతారు, ఒక్కసారే తింటారు. మేం ఆరున్నరకు కూర్చుంటాం, ఎనిమిదికి దిగుతాం. నా పెళ్లైన నాటినుంచి ఇదే పద్ధతి. పక్కన మొదట పెనిమిటి, ఇప్పుడు కొడుకు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. రెండేళ్ల కింద మా వీధిలో వైద్య శిబిరం పెట్టినప్పుడు నాకూ షుగరు ఉందని తేలింది. పొద్దున ఒక గోళీ రాసిచ్చారు, వేసుకున్న అరగంటకు తినమన్నారు. ఆ మాట నేను ఉమేష్‌కు చెప్పలేదు. తండ్రిని మోసి మోసి వాడి భుజాలు అప్పుడప్పుడే తేలికపడుతున్నాయి. మళ్లీ నన్నెందుకు మోయాలి? గోళీల పట్టీని నా పక్కనుండే కండెల డబ్బాలో, దారం చుట్టిన కండెల అడుగున దాచాను. ఏడున్నరకు నీళ్లు తాగుతున్నట్టు చెంబు ఎత్తి ఒకటి మింగేదాన్ని. ఎనిమిదికి ఎలాగూ తింటాం కదా.

ఇప్పుడు ఎనిమిది కాస్తా పదకొండయింది.

"నువ్వు పోయి తినిరా అమ్మా. నేను అందాక కండెలు చుట్టుకుంట," అనేవాడు ఉమేష్.

"నాకు ఆకలైతలేదు," అనేదాన్ని.

అబద్ధమే. పక్కన బిడ్డ ఖాళీ కడుపుతో కండెలు చుట్టుకుంటుంటే నేనొక్కదాన్ని దిగిపోయి రొట్టె ఎట్లా నములుతాను? గోళీ మాత్రం మానలేదు. గోళీ మానితే కాలు తీసేస్తారని భయం. తిండి కాస్త ఆలస్యమైతే ఏమవుతుందిలే అనుకున్నాను. అన్నిటికీ భయపడే నేను, భయపడాల్సిన ఒక్కదానికి మాత్రం భయపడలేదు.

మూడో రోజు వనపర్తిలో మెడికల్ షాపులో పనిచేసే శ్రీనాథ్‌కు ఫోన్ చేశాను. ఉమేష్‌కు చిన్ననాటి నుంచీ దోస్తు.

"శ్రీనాథూ, నిజం జెప్పు బిడ్డా. నీ దోస్తుకు ఏం రోగమొచ్చింది? నేను గుండె గట్టిగ జేసుకుంట."

"రోగమేంది పెద్దమ్మా! ఎద్దు లెక్క ఉన్నడు వాడు. గిది ఇప్పుడు మస్తుమంది జేస్తున్నరు. పదహారు గంటలు కడుపుకు సెలవు, ఎనిమిది గంటలు డ్యూటీ."

"కడుపుకు సెలవేందిరా? అదేమన్న గవర్నమెంటు నౌకరా?"

వాడు పకపకా నవ్వాడు. రోగమున్నవాడి దోస్తు ఇట్లా నవ్వడు కదా అని ఒక నిమిషం నెమ్మది కలిగింది. మరుక్షణం, వీడు కూడా నా దగ్గర దాస్తున్నాడేమో అనిపించింది. నాకు నెమ్మది నిలవదు.

ఇక నా ఉపాయాలు నేను పన్నాను. ఎదురింటి రాములమ్మను పిలిచి తొమ్మిదింటికి మా పొయ్యి మీద ఎల్లిగడ్డ పోపు పెట్టించాను. ఇల్లంతా ఘుమఘుమలాడింది.

"అమ్మా, గా పోపు గిన్నెల కాదు, నా ముక్కుల పెట్టిస్తున్నవ్," అన్నాడు ఉమేష్, నాడె ఆపకుండానే.

"ఆకలైతుంది గదా? ఒప్పుకో."

"అయితుంది. అయితే అయితది. పదకొండుకు తింటే మస్తు రుచి ఉంటది."

రాములమ్మ గరిటె పట్టుకుని గడపలో నిలబడింది. "ఏమో వదినె, నీ కొడుకు తినకుంటే నువ్వు ఏడుస్తున్నవ్. మా ఇంట్ల ముగ్గురున్నరు, పొద్దంత నమిలి నమిలి నా పానం దీస్తున్నరు. జర నీ కొడుకును మా ఇంటికి పంపు, వాళ్లకు గీ విద్య నేర్పిస్తడు."

"నీకు నవ్వులాటగ ఉంది. వాళ్ల నాయిన గట్లనే మానిండు తిండి."

ఆ మాటకు రాములమ్మ నవ్వు ఆపేసింది. ఉమేష్ నాడె కూడా ఒక క్షణం ఆగింది. తర్వాత వాడు నెమ్మదిగా అన్నాడు: "మన బాలయ్య తాత దేవుని పంచెలు నేసినప్పుడు నలభై ఒక్క దినాలు ఒంటిపూట తిన్నడని నువ్వే చెప్తవ్ గదమ్మా. వచ్చినోళ్లందరికీ గొప్పగ చెప్తవ్. తాత జేస్తే దీక్ష, నేను జేస్తే రోగమా?"

బాలయ్య మా మామ. తిరుపతి వెంకన్నకు గద్వాల నుంచి పోయే జోడు పంచెలు నేసిన చేతులు ఆయనవి. ఆ దీక్ష రోజుల్లో ఆయనకు వడ్డించింది నేనే. ఒక్క పూటే తిని, సాయంత్రం దాకా చెయ్యి వణక్కుండా నేసేవాడు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా "అది దేవుడి కోసం. దేవుడు జూసుకుంటడు. నీది ఫోన్ల జూసి చేసేది, ఫోను జూసుకుంటదా నిన్ను?" అన్నాను.

"జూసుకుంటది. పదకొండుకు టింగుమంటది," అన్నాడు. రాములమ్మ మళ్లీ నవ్వింది. నేను నవ్వలేదు.

రెండో వారం నడుస్తుండగా అంచులో సందులు మొదలయ్యాయి. పోగు పోగును పట్టుకోని చోట చిన్న చీలిక పడుతుంది. వెలుతురుకు పట్టి చూస్తే సూది బెజ్జం లాగా కనబడుతుంది. చీర చెడినట్టే. ఉమేష్ వేలితో తడిమి చూశాడు.

"అమ్మా, గీడ సందు వచ్చింది. ఆడ ఇంకోటి."

అయిపోయింది, నీరసం చేతుల్లోకి దిగింది అనుకున్నాను. "నేను జెప్తనే ఉన్న! తినకుంటే చేతులు పట్టు తప్పుతయని. నీ నాడె ఆలస్యంగ వస్తుంది, అందుకే నా పోగు అందుతలేదు."

వాడు నాడె పక్కన పెట్టాడు. నా ముఖం చూశాడు. "కుడి దిక్కు వచ్చిందమ్మా," అని మాత్రం అన్నాడు, చాలా మెల్లగా. తర్వాత ఆ నాలుగు వేళ్ల బట్టను పోగు పోగు ఊడదీసి మళ్లీ నేయడానికి కూర్చున్నాడు. కుడి అంచు నాది అని నాకు తెలియదా? తెలుసు. కానీ వాడి రోగం గురించి నా మనసు అప్పటికే తీర్పు రాసేసింది. ఆ తీర్పుకు పనికిరాని సంగతి ఏదీ నా చెవిలో పడలేదు.

ఆ రోజుల్లో పది గంటల వేళకు నాకు చెమటలు పట్టేవి, పెదవులు తిమ్మిరెక్కేవి. బిడ్డ మీది బెంగ అనుకున్నాను. పదకొండుకు ఇంత రొట్టె కడుపులో పడగానే తగ్గేది. అది కూడా, వాడు తినడం చూసినందుకు నెమ్మది కలిగిందనుకున్నాను.

పడిపోయింది శుక్రవారం నాడు. ముందు రోజు రాత్రి కూడా సరిగా తినలేదు నేను. పొద్దున ఏడున్నరకు గోళీ మామూలే. పదిన్నర అయి ఉంటుంది. మగ్గం ఊగడం మొదలైంది. పడుగు పోగులు నీళ్లలో గడ్డిలాగా అల్లాడుతున్నాయి. పక్కకు చూస్తే ఉమేష్ ముఖం రెండుగా కనబడింది, రెండూ ఒరిగిపోతున్నాయి. నేను అనుకున్నదే అయింది. నా కొడుకు పడిపోతున్నాడు.

"రాములమ్మా! ఉరికిరాయే! నా కొడుకు పడిపోతుండు, పట్టుకో!" అని అరిచాను.

"అమ్మా, నేను మంచిగనే ఉన్న! అమ్మా! నిన్ను పట్టుకున్న, నువ్వు పడుతున్నవ్!"

వాడి మాట ఎక్కడో గుంతలోంచి వినిపించింది. వాడి భుజం మీదకు నేనే వాలిపోయానని అప్పుడు కూడా నాకు తెలియలేదు. "వానికి నీళ్లు తాపుండ్రి, వానికి బువ్వ పెట్టుండ్రి" అని గొణుగుతూనే ఉన్నానట. తర్వాత రాములమ్మ వీధంతా చెప్పి నవ్వించింది.

నన్ను ఎత్తబోతూ వాడు కండెల డబ్బా తన్నేశాడు. కండెలన్నీ దొర్లిపోయి, కింద దాచిన గోళీల పట్టీ బయటపడింది. రాములమ్మ దాన్ని తీసి చూసింది. వాళ్లాయనకూ అవే గోళీలు.

"ఓరి ఉమేషూ, గివి షుగర్ గోళీలు గదరా! మీ అమ్మ తిన్నదా పొద్దుగాల?"

"తినలే. నాతోనే కూసున్నది."

"ఇంట్ల బెల్లముందా? జల్ది తే!"

నాలుక మీద తియ్యటిది ఏదో పడింది. మింగమని రాములమ్మ గదమాయిస్తోంది, మింగాను. కాసేపటికి ఊగుతున్న ఇల్లు ఆగింది. ఉమేష్ ముఖం ఒక్కటయింది. ఎర్రగా, కళ్ల నిండా నీళ్లతో. ఆ ముఖం నేను పెంటయ్య పోయిన రోజు చూశాను.

ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. నర్సు జయశ్రీ నా వేలికి సూది గుచ్చింది. "బెల్లం తిన్నంక గూడ అరవై రెండే ఉంది. అంతకుముందు ఎంతకు దిగిందో!" అని గ్లాసులో గ్లూకోజు కలిపి తాపింది. "ఏందమ్మా, గోళీ వేసుకొని ఉపాసం ఉంటవా? ఎవరు జెప్పిండ్రు?"

నేను ఉమేష్ వైపు చూశాను. వాడు నేల చూశాడు.

"నేనే చెప్పుకున్న," అన్నాను.

"ఎన్నేండ్లాయె షుగరొచ్చి?"

"రెండేండ్లు."

ఉమేష్ తలెత్తాడు. "రెండేండ్లా అమ్మా? రెండేండ్ల సంది నా పక్కన కూసొని మింగుతున్నవా?"

"నువ్వు పరేషానయితవని..."

"ఇప్పుడేమన్న తక్కువైందా పరేషాను?"

జయశ్రీ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. నాకు సిగ్గయింది. అయినా తల్లిని కదా, గ్లాసు కింద పెట్టీ పెట్టకముందే "నర్సమ్మా, వీని వేలికి గూడ గుచ్చు. వీడు రెండు వారాల సంది పొద్దుగాల తింటలేడు. వీని నాయిన షుగరుతోనే పోయిండు" అన్నాను.

"మీ అమ్మకు స్పృహ మంచిగనే వచ్చింది" అని నవ్వుతూ ఆమె వాడి వేలు పట్టుకుంది. అప్పటికి పన్నెండు దాటింది. వాడు ముందు రోజు సాయంత్రం నుంచి ఏమీ తినలేదు.

"ఎనభై ఎనిమిది," అంది.

"అంటే?"

"అంటే బంగారం లెక్క ఉన్నడు అమ్మా."

నమ్మలేదు నేను. ఇంకోసారి గుచ్చమన్నాను. ఉమేష్ వేలు వెనక్కి లాక్కున్నాడు. "అమ్మా, అది నా వేలు. కుట్టు వేసే బట్ట గాదు."

డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, తొందర లేని మనిషి. వాడి నడుం కొలిచింది, బీపీ చూసింది, మూడు నెలల సగటు తెలిసే రక్తపరీక్ష రాసింది. నా ప్రశ్నలన్నీ విన్నది. కిడ్నీ చెడుతుందా, కళ్లు పోతాయా, పిల్లలు పుట్టరా అని అడిగాను. చివరి ప్రశ్నకు ఉమేష్ బయటికి పోయి నిలబడ్డాడు.

"ఏ జబ్బు, ఏ మందు లేని మనిషికి ఇది చాలావరకు ఇబ్బంది పెట్టదమ్మా," అంది డాక్టరమ్మ. "కొందరికి నడుం తగ్గుతది, షుగరు అదుపుల ఉంటది. మంత్రమేం కాదు. మొత్తం మీద తక్కువ తింటరు, పొద్దుపోయినంక తినుడు మానుతరు. ఎక్కువగ దాని ఫలమే అది. పడకపోతే మానేయొచ్చు. కానీ మీరు వేరే. మీరు గోళీ మీద ఉన్నరు. మీ టైముకు మీరు తినాలె. మీ కొడుకు ఆకలి మీకు పనికిరాదు."

మీ కొడుకు ఆకలి మీకు పనికిరాదు. ఆ మాట విన్నాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అడిగాను. "రోగం లేకుంటే ఎందుకు మొదలువెట్టినవ్ రా?"

ఆటో కోట దాటింది. "నాయిన షర్టు వేసుకున్న ఒకనాడు," అన్నాడు. "పెట్టెల ఉండె గదా, నీలంది. గుండీలు సరిగ్గ పట్టినయ్, నడుం దగ్గర ఇంకింత బిగువు. నాయినకు షుగరొచ్చినప్పుడు ఎట్ల ఉండెనో నేను ఇప్పుడే గట్ల ఉన్న. పొద్దంత గుంతల కూసునుడే గదా మనం. భయమైంది. వనపర్తికి పోయి శ్రీనాథ్ తోని పరీక్షలు జేయించుకున్న. అన్ని మంచిగనే వచ్చినయ్. చెడకముందే ఏదన్న చేద్దామని."

"నాకు జెప్పొచ్చు గదా."

"నువ్వు పరేషానయితవని," అన్నాడు.

నా మాట నాకే తిరిగొచ్చింది. ఆటో డ్రైవరు అద్దంలోంచి చూశాడు, ఇద్దరూ ఎందుకు నవ్వుతున్నారా అని. నేను నవ్వుతూనే వాడి భుజం మీద తల పెట్టుకున్నాను. ఈసారి నేనే వాలుతున్నానని నాకు తెలుసు.

రక్తపరీక్ష కాగితం మంగళవారం వచ్చింది. మూడు నెలల సగటు అయిదు పాయింట్ మూడు. కొవ్వు లెక్కలూ సరిగానే ఉన్నాయి. ప్రతి అంకె పక్కన ఎంత ఉండాలో రాసి ఉంది. నేను వేలు పెట్టి ఒక్కొక్కటీ పోల్చి చూశాను, రెండుసార్లు. వాడు పెంటయ్య దారిన పోవడం లేదు. ఆ కాగితాన్ని దేవుడి పటం వెనక పెట్టాను. ఆ మధ్యాహ్నం మగ్గం పక్కనే నేల మీద పడుకుంటే రెండు గంటలు ఒళ్లు తెలియని నిద్ర. ఎన్నేళ్లయిందో అట్లా నిద్రపోయి. లేచేసరికి ఉమేష్, నేను అలవాటుగా మళ్లీ కండెల డబ్బాలో వేసిన గోళీల పట్టీని తీసి, పొయ్యిగట్టు మీద అందరికీ కనబడేటట్టు పెట్టాడు.

డాక్టరమ్మ నా గోళీ కాస్త తగ్గించింది. తినడం మాత్రం తప్పకూడదంది.

ఇప్పుడు మా ఇంట్లో ఫోను రెండుసార్లు టింగుమంటుంది. పదకొండుకు వాడిది. ఎనిమిదికి నాది. నా గంట మోగగానే మగ్గం ఆగుతుంది. ఇద్దరం ఒక్కసారే దిగుతాం, ఆ పద్ధతి మార్చలేదు. నేను రొట్టె, పచ్చిపులుసు పెట్టుకుని తింటాను. వాడు ఎదురుగా చక్కెర లేని చాయ్ పట్టుకుని కూర్చుంటాడు.

మొదటి రోజు ముద్ద దిగలేదు నాకు. "ఒక్క ముక్క తినరా, నా కోసం" అన్నాను.

"తినను. నువ్వు నముల్, నేను జూస్త. నువ్వు తింటుంటే చూస్తే నాకు మంచిగనిపిస్తది," అన్నాడు.

ఇరవై అయిదేళ్లుగా నేను వాడితో అన్న మాట అది. పళ్లెం ఖాళీ అయ్యేదాకా వాడు కదల్లేదు.

రాములమ్మ తొంగి చూసింది. "ఏం వదినె, అత్తగారింటికొచ్చిన అల్లుని లెక్క గంత మర్యాదగ తింటున్నవ్?"

"డ్యూటీలున్న," అన్నాను, నోటి నిండా రొట్టెతో.

నిన్న ఆ చీర మగ్గం దిగింది. ఉమేష్ పట్టుకుంటే నేను కుడి అంచును కొస నుంచి కొస దాకా వెలుతురుకు పెట్టి చూశాను. మొదటి మూరలో ఊడదీసి నేసిన చోటు నా కళ్లకు తెలుస్తుంది, ఇంకెవరికీ తెలియదు. ఆ తర్వాత ఎక్కడా ఒక్క సందు లేదు.

"ఎట్లుందమ్మా?"

"మంచిగనే ఉంది," అన్నాను. తర్వాత, అన్నాళ్ల నుంచీ మింగిన మాట బయటపెట్టాను. "గా సందులు నా చేతివేరా."

"నాకు తెల్సు," అన్నాడు వాడు, చీర మడత పెడుతూ. "కుడి దిక్కు అని అప్పుడే చెప్పిన గదా."